కాలువ ఒక్కటే కాదు, చేనూ చూడాలి

గుండె, కాలు, కిడ్నీ, ఊపిరితిత్తులు, మెదడు: వీటికి చేసే న్యూక్లియర్ స్కాన్ల గురించి గోదావరి జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో న్యూక్లియర్ మెడిసిన్ వైద్యుల సమాధానాలు.

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్ళు. యాంజియోగ్రాంలో ఒక రక్తనాళంలో 60 శాతం బ్లాకు ఉందని తేలింది. స్టెంటు వెయ్యాలో వద్దో చెప్పేముందు ‘స్ట్రెస్ థాలియం’ చేయించుకురమ్మన్నారు. బ్లాకు కళ్ళకు కనపడ్డాక మళ్ళీ ఈ పరీక్ష దేనికండీ?
— పాఠకుడు, రాజోలు

జవాబు: యాంజియోగ్రాం కాలువను చూపిస్తుంది. ఈ స్కాను చేలోకి చేరిన నీటిని చూపిస్తుంది. రెండూ వేర్వేరు సంగతులు. మీ వైపు పంటకాలువలో గుర్రపుడెక్క సగం దాకా పట్టిందనుకోండి. సార్వాలో వానా వరదా ఉంటాయి కాబట్టి శివారు చేను కూడా పచ్చగానే ఉంటుంది. దాళ్వాలో చేలన్నీ ఒకేసారి నీళ్ళడిగినప్పుడు గానీ ఆ కాలువ సంగతి బయటపడదు.

గుండె కండరమూ అంతే. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక గ్రాము కండరానికి నిమిషానికి సుమారు 1 మిల్లీలీటరు రక్తం చాలు. పెద్ద నాళం ఇరుకైతే కండరం లోపలి సన్నటి నాళాలు వెడల్పయి ఆ లోటును భర్తీ చేస్తాయి. అందుకే 80, 85 శాతం మూసుకుపోయినా కూర్చున్న మనిషిలో ప్రవాహం దాదాపు మామూలుగానే ఉంటుంది. ఒత్తిడి పెట్టినప్పుడు ఆరోగ్యంగా ఉన్న నాళం ప్రవాహాన్ని 3, 4 రెట్లు పెంచగలదు. ఇరుకైన నాళం కింద సన్ననాళాలు ముందే తెరుచుకుని ఉన్నాయి కాబట్టి అక్కడ ఇంకా పెరగడానికి చోటు లేదు. సుమారు 50 శాతం బ్లాకు దగ్గర్నుంచే ఈ గరిష్ఠ ప్రవాహం తగ్గడం మొదలవుతుంది. మీ నాన్నగారి 60 శాతం సరిగ్గా ఆ సందిగ్ధంలో ఉంది. బ్లాకు పొడవు, దాని ఆకారం, పక్కనుంచి వచ్చే చిన్న నాళాల సాయం, కండరానికి ఎంత చేరుతోందో ఇవన్నీ కలిసి తేలుస్తాయి, శాతం అంకె ఒక్కటే ఆ సంగతి చెప్పలేదు.

పరీక్ష ఇలా జరుగుతుంది. పేరు ‘థాలియం’ అని స్థిరపడిపోయింది గానీ ఇప్పుడు చాలాచోట్ల ఎక్కించేది టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన సెస్టామిబి లేదా టెట్రోఫాస్మిన్. దాన్నుంచి వచ్చే గామా కిరణాలనే కెమెరా బొమ్మగా పట్టుకుంటుంది. ఒకే రోజులో ముగించే పద్ధతిలో ముందు విశ్రాంతిలో 8 నుంచి 12 మిల్లీక్యూరీలు (రేడియోధార్మికత కొలత) ఎక్కించి, ముప్పావుగంటో గంటో ఆగి బొమ్మ తీస్తారు. కొన్ని గంటల తర్వాత ఒత్తిడి పెట్టి, మొదటిదానికి సుమారు 3 రెట్లు ఎక్కిస్తారు. తక్కువ ఇస్తే మొదటి మోతాదులో మిగిలినది రెండో బొమ్మలో కలిసిపోయి అసలు లోటును కప్పేస్తుంది.

ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తే గుండె వేగం 220లోంచి వయసు తీసేసిన అంకెలో కనీసం 85 శాతానికి చేరాలి. 61 ఏళ్ళకు అది 135. ఆ వేగంలో ఉండగా మందు ఎక్కించి, ఆ తర్వాత కూడా కనీసం ఒక నిమిషం నడిపిస్తారు. కాళ్ళు లాగుతున్నాయని సూది పడగానే ఆపేయకూడదు. మందు రక్తంలోంచి కండరంలోకి దిగడానికి ఆ నిమిషమే కీలకం. ముందే ఆగితే సగం ఒత్తిడి, సగం విశ్రాంతి కలిసిన బొమ్మ వస్తుంది, చిన్న లోటు అందులో పోతుంది. మెటోప్రొలాల్‌ లాంటి మాత్రలు గుండెను 135 దాకా పోనివ్వవు. వాటిని ఒకటి రెండు రోజులు ఆపాలా వద్దా అన్నది గుండె వైద్యుణ్ణే అడగండి. సొంతంగా ఆపితే ప్రమాదం.

ఒత్తిడిలో లోటు కనిపించి విశ్రాంతిలో నిండితే ఆ కండరం బతికే ఉంది, అవసరానికి రక్తం చాలడం లేదని అర్థం. ఎడమ జఠరికలో (ఒళ్ళంతటికీ రక్తం పంపే గుండె గదిలో) అలాంటి భాగం 10 శాతం దాటితే దాన్ని ఎక్కువగానే లెక్కిస్తారు. రెండింటిలోనూ లోటు అలాగే ఉంటే పాత ఎటాక్ మచ్చ కావచ్చు, రక్తం చాలక నిద్రాణంగా ఉన్న కండరమైనా కావచ్చు. ఈ రెండోది తేల్చుకోవడానికి కొన్నిచోట్ల విశ్రాంతి సూదికి ముందు నాలుక కింద నైట్రేట్ మాత్ర పెడతారు. రక్తం కాస్త ఎక్కువ చేరి, బతికున్న కండరం మందును పట్టుకుంటుంది.

సూదికీ బొమ్మకీ మధ్య పాలు తాగమనీ టిఫిన్ చెయ్యమనీ చెబితే మొహమాటపడకుండా తినండి. మందులో కొంత కాలేయంలోకి, పేగుల్లోకి పోతుంది. అవి గుండె కింది గోడకు ఆనుకునే ఉంటాయి. అక్కడి వెలుగు తగ్గకపోతే కింది గోడ సరిగా కనపడదు, బొమ్మ మళ్ళీ తియ్యాల్సి వస్తుంది. కెమెరా కింద చేతులు పైకి పెట్టి పావుగంట కదలకుండా పడుకోవాలి. మెడలో గొలుసు, జేబులో ఫోను, నాణేలు ముందే తీసేయాలి. లోహం గామా కిరణాలను అడ్డుకుని ఉత్తుత్తి లోటు చూపిస్తుంది.

ప్రశ్న: మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, నడవలేరు. ఇంజెక్షన్‌తో స్ట్రెస్ చేస్తామన్నారు. పొద్దున్నే కాఫీ తాగారని వెనక్కి పంపేశారు. ఒక్క కాఫీకి ఇంత పట్టింపా?
— పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: పంపేసినవాళ్ళు మంచి పనే చేశారండి. నడక బదులు ఇంజెక్షన్‌గా ఇచ్చేవి అడినోసిన్, డైపిరిడమోల్, రెగడెనోసన్. ఈ మూడూ గుండె నాళాల మీద ఉండే ఒక గ్రాహకం ద్వారానే వాటిని వెడల్పు చేస్తాయి. కెఫీన్ సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. మందు వెళుతుంది, నాళం తెరుచుకోదు. ఇందులో అసలు ప్రమాదం ఏమిటంటే, పరీక్ష ఆగిపోదు. అంతా సవ్యంగా జరిగినట్టే ఉంటుంది, రెండు బొమ్మలూ ఒకేలా వస్తాయి, రిపోర్టులో ‘నార్మల్’ అని రాస్తారు. పెరగాల్సిన ప్రవాహం పెరగనే లేదని బొమ్మ దానంతటది చెప్పదు. రోజు వృథా అయిందన్న బాధ కంటే అబద్ధపు నార్మల్ చేటు.

కనీసం 12 గంటలు, వీలైతే 24 గంటలు కాఫీ, టీ, కోలా, చాక్లెట్ మానాలి. కెఫీన్ తీసేసిన కాఫీలోనూ కాస్త మిగులుతుంది. తలనొప్పి, జలుబు మాత్రల్లో కొన్నింటిలో కెఫీన్ ఉంటుంది, అట్ట మీద చదవండి. ఆయాసానికి వాడే డెరిఫిల్లిన్, థియోఫిల్లిన్ మాత్రలు కూడా ఇదే అడ్డు పెడతాయి. వాటికి 48 గంటలు కావాలి. ఇవి వాడుతున్నారంటే అసలు ఉబ్బసం ఉందేమో ముందుగా చెప్పాలి. అడినోసిన్, డైపిరిడమోల్ శ్వాసనాళాలను బిగించగలవు. ఉబ్బసం బలంగా ఉంటే డొబుటమైన్‌తో గుండె వేగం పెంచి చేస్తారు.

లెక్కలు కూడా తెలుసుకోండి. అడినోసిన్ కిలో బరువుకు నిమిషానికి 140 మైక్రోగ్రాములు, 6 నిమిషాల పాటు, మూడో నిమిషంలో ట్రేసర్ (బొమ్మ కోసం ఎక్కించే రేడియోధార్మిక మందు). డైపిరిడమోల్ కిలోకు 0.56 మిల్లీగ్రాములు, 4 నిమిషాల్లో. రెగడెనోసన్ బరువుతో నిమిత్తం లేకుండా 0.4 మిల్లీగ్రాములు ఒకేసారి. కాబట్టి మొదటి రెండింటికీ ఆ రోజు చూసిన బరువు కావాలి, ఎప్పుడో చీటీ మీద రాసింది కాదు. మొహం వేడెక్కడం, ఛాతీ బరువు, తలనొప్పి మామూలే. అడినోసిన్ ఆపిన నిమిషం రెండు నిమిషాల్లో తగ్గుతాయి. డైపిరిడమోల్ ప్రభావం ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి విరుగుడుగా అమైనోఫిల్లిన్ పక్కనే సిద్ధంగా పెట్టుకుంటారు.

ప్రశ్న: స్కాన్ నార్మల్ అన్నారు. ఆర్నెల్లకే మా పెద్దనాన్నగారికి మూడు నాళాల్లోనూ బ్లాకులని బైపాస్ చేశారు. స్కాన్ తప్పు చెప్పినట్టేగా?
— పాఠకుడు, మండపేట

జవాబు: తప్పు చెప్పి ఉండవచ్చు. ఎలా చెబుతుందో తెలిస్తే మిగతావాళ్ళకు పనికొస్తుంది. మామూలు గామా కెమెరా బొమ్మ కండరంలో అన్నిటికంటే వెలుగున్న చోటును నూరుగా తీసుకుని, మిగతా భాగాలను దానితో పోలుస్తుంది. ధవళేశ్వరం దగ్గర తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడింటికీ నీళ్ళు సమానంగా సగం తగ్గించారనుకోండి. ఒకదాన్ని ఇంకొకదానితో పోలిస్తే తేడా ఏం కనిపిస్తుంది? మూడు నాళాలూ ఒకే తీరుగా ఇరుకైనప్పుడు బొమ్మ అలా సమంగా మసకబారి, నార్మల్‌లా నిలబడుతుంది.

అందుకే రంగుల బొమ్మ ఒక్కటే చూసి రిపోర్టు రాయకూడదు. ఒత్తిడి తర్వాత గుండె గది విశ్రాంతిలో కంటే పెద్దదిగా కనిపించిందా, పంపింగ్ శాతం తగ్గిందా, పరీక్షలో ఈసీజీ మారిందా, బీపీ పెరగాల్సింది పడిపోయిందా? వీటిలో ఏదున్నా బొమ్మ శుభ్రంగా ఉన్నా యాంజియోగ్రాంకు పంపాల్సిందే. ప్రవాహాన్ని మిల్లీలీటర్ల లెక్కన కొలిచే పెట్ పరీక్షలో ఈ చిక్కు ఉండదు. ఒత్తిడి ప్రవాహాన్ని విశ్రాంతి ప్రవాహంతో భాగిస్తే వచ్చే అంకె 2 కంటే తక్కువైతే అనుమానించాలి. కానీ దానికి వాడే అమ్మోనియాలోని నైట్రోజన్-13 సగం ఆయువు, అంటే రేడియోధార్మికత సగానికి తగ్గే సమయం, 10 నిమిషాలే. దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం పక్కనే లేకపోతే కుదరదు. రుబీడియం-82కి 75 సెకన్లు, దాన్ని అక్కడికక్కడే అందించే ‘జనరేటర్’ అనే పరికరం కొనుక్కోవాలి.

ఇంకొక సంగతి. ఈ పరీక్ష రక్తం అందడాన్ని చూస్తుందే గానీ నాళం గోడలో ఉన్న మెత్తటి కొవ్వును చూడదు. 40 శాతం ఉన్న కొవ్వుముద్ద ప్రవాహానికి అడ్డు రాదు, అదే రేపు పగిలి గడ్డకట్టవచ్చు. స్కాన్ నార్మల్ వచ్చిందని కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఆపేవాళ్ళు చాలామంది ఉన్నారు. దయచేసి ఆపకండి.

దీనికి తిరగబడ్డ తప్పూ ఉంది: లేని లోటు కనిపించడం. స్త్రీలలో రొమ్ము నీడ ముందు గోడ మీద, పొట్ట ఉన్న మగవాళ్ళలో విభాజక పటలం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) నీడ కింది గోడ మీద పడతాయి. బోర్లా పడుకోబెట్టి ఇంకోసారి తీస్తే కింది గోడ నీడ చాలావరకు తప్పుకుంటుంది. ఈసీజీలో ఎడమ బండిల్ బ్లాక్ (గుండె ఎడమవైపుకు విద్యుత్ సంకేతం చేరడంలో అడ్డంకి) ఉన్నవాళ్ళను ట్రెడ్‌మిల్ ఎక్కిస్తే మధ్య గోడలో ఉత్తుత్తి లోటు వస్తుంది. వాళ్ళకు నడక వచ్చినా అడినోసిన్ లాంటివాటితోనే చెయ్యాలి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. ఎక్కించిన మందు రక్తం ఎంత వచ్చిందో ఎలా ‘చెబుతుంది’? రక్తంతో పాటే వెళ్ళిపోదా?
— విద్యార్థిని, భీమవరం

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. మొత్తం కిటుకు అక్కడే ఉంది. బొమ్మలో వెలుగు అంటే అక్కడికి వచ్చిన రక్తాన్ని, దానిలోంచి కణజాలం పట్టుకున్న వంతుతో గుణిస్తే వచ్చేది. మొదటిసారి దాటేటప్పుడు గుండె కండరం థాలియం-201లో సుమారు 85 శాతం, సెస్టామిబిలో సుమారు 65 శాతం లాగేసుకుంటుంది. పట్టుకునే వంతు ఎప్పుడూ ఒకేలా ఉంటే వెలుగు ప్రవాహానికి సరిసమానంగా పెరిగేది. అలా ఉండదు. రావులపాలెం సెంటర్లో బస్సు ఎంత తక్కువసేపు ఆగితే అంత తక్కువమంది దిగుతారు కదా, రక్తం వేగం పెరిగేకొద్దీ పట్టుకునే వంతు అలాగే తగ్గుతుంది. గ్రాముకు నిమిషానికి 2, 2.5 మిల్లీలీటర్లు దాటాక సెస్టామిబి వెలుగు పెద్దగా పెరగదు. అంటే 2.5కీ 3.5కీ ఉన్న తేడా బొమ్మలో కుంచించుకుపోతుంది. కాస్త మాత్రమే ఇరుకైన నాళాలు తప్పించుకునేది ఇందువల్లే.

పట్టుకున్నాక అక్కడే ఎందుకు ఉంటుంది? సెస్టామిబి మీద ధనావేశం ఉంటుంది, మైటోకాండ్రియా లోపల రుణావేశం. అది లోపలికి పోయి చిక్కుకుపోతుంది. ఆ మైటోకాండ్రియా తయారుచేసే, కణానికి శక్తినిచ్చే ఏటీపీని 1929లో ఫిస్కేతో కలిసి లోకానికి తెలియజేసింది మీ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. చచ్చిన కణంలో ఈ ఆవేశం ఉండదు కాబట్టి సెస్టామిబి నిలవదు. అందుకే ఒకే బొమ్మ రక్తం చేరిందనీ కణం బతికుందనీ రెండూ చెప్పగలుగుతోంది. థాలియం అలా చిక్కుకోదు, పొటాషియంలాగా లోపలికీ బయటికీ తిరుగుతూ గంటల్లో సర్దుకుంటుంది. ఒకే సూదితో ఒత్తిడి బొమ్మ, 3, 4 గంటల తర్వాత విశ్రాంతి బొమ్మ తియ్యగలిగేది దానివల్లే.

ప్రశ్న: మా బాబాయిగారికి 15 ఏళ్ళుగా షుగరు. చెరువు గట్టు మీద కాలికి దెబ్బ తగిలి పుండు మానడం లేదు. ఎముకకు చీము పట్టిందేమో చూడ్డానికి ‘త్రీ ఫేజ్ బోన్ స్కాన్’ రాశారు. మూడుసార్లు సూది వేస్తారా?
— పాఠకుడు, నరసాపురం

జవాబు: సూది ఒక్కటే, బొమ్మలు మూడు వేళల్లో. కాళ్ళు రెండూ కెమెరా కింద పక్కపక్కనే పెట్టాకే చేతి నరంలో 20 మిల్లీక్యూరీల ఎండీపీ (టెక్నీషియం కలిపిన, ఎముక పట్టుకునే మందు) ఎక్కిస్తారు. మొదటి నిమిషమంతా రెండేసి సెకన్లకొక బొమ్మ: ఇది రక్తం పరుగు. పది నిమిషాల లోపు ఇంకొకటి: ఇది మెత్తటి కణజాలంలో నిలిచిన రక్తం. 3 గంటల తర్వాత మూడోది: ఇది ఎముక పట్టుకున్న మందు. వాపు చర్మం, కండ వరకే ఉంటే మొదటి రెండూ వెలుగుతాయి, మూడోదానిలో ఎముక మీద చుక్కలా నిలవదు. ఎముకకు పాకితే మూడూ ఒకే చోట వెలుగుతాయి.

షుగరు కాళ్ళలో మాత్రం ఈ సూత్రం రెండు వైపులా మోసపోతుంది. కాలి నాళాలు మూసుకుపోయి ఉంటే మందే అక్కడికి చేరదు, చీమున్నా బొమ్మ చప్పగా ఉంటుంది. స్పర్శ పోయి ఎముకలు నలిగిన షార్కో పాదంలో చీము లేకపోయినా మూడూ వెలుగుతాయి. విరిగిన ఎముకా, ఈ మధ్య చేసిన ఆపరేషనూ అంతే. అందువల్ల పాదంలో నాడి అందుతోందా, డాప్లర్ ఏమంది, ఎక్స్‌రే ఎప్పటిది అన్న కాగితాలు పట్టుకెళ్ళండి. తేలకపోతే ఎమ్మారైయో, తెల్లకణాలకు ట్రేసర్ తగిలించి చేసే స్కానో అవసరమవుతుంది.

మధ్యలో ఉన్న 3 గంటల్లో నీళ్ళు బాగా తాగి, మూత్రం పోస్తూ ఉండాలి. రక్తంలో మిగిలిన మందును కడిగేది కిడ్నీలే. కిడ్నీలు బలహీనమైతే 4 గంటలకు పైగా ఆగాలి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్ళకు హద్దు పెట్టినవాళ్ళు ఆ హద్దులోనే ఉండండి. మూత్రం చుక్క పాదం కట్టు మీద పడితే అదే చీములా వెలుగుతుంది. మూడో బొమ్మకు ముందు కట్టు మార్పించడం మర్చిపోకండి.

ప్రశ్న: మా బాబుకు 5 నెలలు. ఒక కిడ్నీ ఉబ్బిందని రీనోగ్రాం రాశారు. అమలాపురం నుంచి ప్రయాణం, ఎండలు. ఏం జాగ్రత్తలు?
— ఒక తల్లి, అమలాపురం

జవాబు: పాలు ఆపకండి, అదే పెద్ద జాగ్రత్త. దారిలోనూ పట్టండి. ఒళ్ళు ఎండిపోయిన బిడ్డలో కిడ్నీ మూత్రాన్ని దాచుకుంటుంది, మందు నెమ్మదిగా దిగుతుంది, లేని అడ్డంకి ఉన్నట్టు గ్రాఫు గీస్తుంది.

రీనోగ్రాం అంటే కిడ్నీకి రక్తం ఎలా వస్తోందో, మూత్రం ఎలా దిగుతోందో చూపే స్కాను. గుండె పంపే రక్తంలో సుమారు అయిదో వంతు కిడ్నీలకే పోతుంది. సూది పడ్డ మొదటి నిమిషంలో మహాధమని వెలిగిన వెంటనే కిడ్నీలు వెలగాలి. రెండింటిలో ఏది ఆలస్యమైందో, ఏది మసకగా ఉందో అప్పుడే తెలుస్తుంది. ఎక్కించే మందు డీటీపీఏ అయితే, దాటే రక్తంలోని మందులో కిడ్నీ సుమారు 20 శాతమే వడకడుతుంది. ఈసీ, మ్యాగ్-3 అనే మందులను అంతకంటే చాలా ఎక్కువగా లాక్కుంటుంది. కిడ్నీలు ఇంకా ముదరని పసిబిడ్డలకు ఇవే మేలు. కిడ్నీ నిండాక మూత్రం ఎక్కువ పోయేలా చేసే ఫ్రూసెమైడ్ ఇస్తారు: పసిపిల్లలకు కిలోకు 1 మిల్లీగ్రాము. నిండింది సగానికి 10 నిమిషాల లోపు తగ్గితే అడ్డంకి లేదు, 20 దాటితే ఉండవచ్చు, మధ్యలో ఉంటే తేలనట్టే. మూత్రాశయం నిండుగా ఉన్నా కిడ్నీ ఖాళీ అవదు. అందుకని చివర్లో బిడ్డను నిలువుగా ఎత్తుకుని, డైపర్ తడిసాక ఇంకొక బొమ్మ తీయాలి. అది తియ్యకుండా పంపేస్తుంటే అడగండి.

మందు నరంలోంచి పక్కకు కారితే గ్రాఫు మొత్తం చెడుతుంది, ఎందుకంటే లెక్కంతా ఒక్కసారిగా రక్తంలో పడిందన్న నమ్మకం మీద నడుస్తుంది. సూది చోటును కూడా కెమెరాతో చూడమని చెప్పవచ్చు.

ప్రశ్న: కాన్పయి పది రోజులైంది, మా చెల్లికి ఊపిరితిత్తుల్లో గడ్డ అనుమానం. పర్‌ఫ్యూజన్ స్కాన్ అన్నారు. బిడ్డకు పాలివ్వచ్చా?
— పాఠకురాలు, తణుకు

జవాబు: ఊపిరితిత్తుల్లో రక్తం ఎక్కడెక్కడికి చేరుతోందో చూసే ఈ స్కానుకు టెక్నీషియం కలిపిన ఎమ్ఏఏ అనే ప్రొటీన్ రేణువులు ఎక్కిస్తారు. 10 నుంచి 90 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) ఉంటాయి, అతి సన్నటి నాళాల్లో తాత్కాలికంగా ఇరుక్కుంటాయి. రక్తం ఎక్కడికి పోయిందో అక్కడే ఆగుతాయి, గడ్డ దాటి పోలేవు. ఇరుక్కుపోతాయని భయపడకండి, వెయ్యి సన్ననాళాల్లో ఒక్కటి కూడా మూసుకోదు, కొన్ని గంటల్లో విరిగి కరిగిపోతాయి. ఊపిరితిత్తుల్లో బీపీ బాగా ఎక్కువుంటే మాత్రం రేణువుల సంఖ్య తగ్గించాలి, ముందే చెప్పండి. పడుకోబెట్టే ఎక్కించాలి. కూర్చోబెడితే రక్తం కిందికి దిగి పైభాగం ఉత్తిగా ఖాళీగా కనిపిస్తుంది. సిరంజిలోకి రక్తం వెనక్కి లాగితే రేణువులు ముద్దకట్టి బొమ్మలో మెరిసే చుక్కలవుతాయి. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంటే బాలింతలకు ఇది మంచి పరీక్ష. ఈ మందుకు 12 గంటలు పాలు ఆపమంటారు. ముందే పిండి దాచిపెట్టుకుని, ఆ 12 గంటల్లో పిండినవి పారబోయండి.

ప్రశ్న: మూర్ఛకు మెదడు స్పెక్ట్ చేస్తూ చీకటి గదిలో కూర్చోబెట్టారు. ఎందుకు?
— పాఠకుడు, కాకినాడ

జవాబు: మెదడు స్పెక్ట్ అంటే మెదడులో రక్తప్రవాహాన్ని గామా కెమెరాతో చుట్టూ తిప్పి తీసే స్కాను. దానికి ఎక్కించే హెచ్ఎమ్‌పీఏఓ అనే మందు మెదడులో ఒకటి రెండు నిమిషాల్లో దిగి గంటల తరబడి అక్కడే ఉంటుంది. అంటే బొమ్మ ఎప్పుడు తీసినా సూది పడ్డ నిమిషంలోని ప్రవాహమే కనిపిస్తుంది. అప్పుడు లైట్లు వెలుగుతుంటే చూపు భాగం, ఎవరైనా మాట్లాడుతుంటే వినికిడి భాగం ఎక్కువ రక్తం లాక్కుంటాయి. అందుకే సూదికి ముందే నరంలో గొట్టం పెట్టి, ప్రశాంతంగా ఉంచి ఎక్కిస్తారు. ఫిట్స్ మొదలైన క్షణాల్లోనే ఎక్కించగలిగితే మూలం ఉన్న చోటు ప్రకాశిస్తుంది. ఆలస్యమైతే ఆ వెలుగు పక్కకు పాకిపోతుంది.

ప్రశ్న: స్కాన్ అయిన సాయంత్రమే ఇంట్లో మనవలను ఎత్తుకోవచ్చా?
— ఒక మామ్మగారు, కొవ్వూరు

జవాబు: టెక్నీషియం ప్రతి 6 గంటలకూ సగమవుతుంది. మర్నాటికి పదహారో వంతు, మూత్రంలో పోయేది కలిపితే అంతకంటే తక్కువ. ఆ సాయంత్రం పిల్లలను గంటల తరబడి ఒళ్ళో పడుకోబెట్టుకోకుండా ఉంటే చాలండి, ఒకసారి ఎత్తుకుని ముద్దాడితే ఫర్వాలేదు. మరుగుదొడ్డిలో రెండుసార్లు నీళ్ళు పొయ్యండి, చేతులు కడుక్కోండి. నిజంగా థాలియం-201 ఇచ్చి ఉంటే దానికి సగం ఆయువు 73 గంటలు. వారం రెండు వారాల్లో రాజమండ్రి నుంచి విమానం ఎక్కే పని ఉంటే, తనిఖీ యంత్రాలు మోగవచ్చు కాబట్టి, ఏ మందు ఏ తేదీన ఎంత ఇచ్చారో రాసిన ఉత్తరం అడిగి తీసుకుని దగ్గర పెట్టుకోండి.